వాగవతల లండన్

"ఎవరు పిలిచారు? డాక్టరమ్మేనా? తన నోటితోనేనా?" ఆదెమ్మ మూడోసారి అడిగింది.

"తన నోటితోనే పెద్దమ్మా. గబాల్న రా," అంది కుల్సుం. నర్సింగ్ హోమ్‌లో నర్సు ఆ పిల్ల. గొడుగు కూడా లేకుండా వానలో పరుగెత్తుకొచ్చింది.

ఆదెమ్మ తాపీగా వక్క కొరికింది. ఈ పిలుపు కోసం నాలుగేళ్ళు కాచుకున్న మనిషి, ఇంకో నిమిషం కాచుకుంటే పోయేదేముంది?

ఎనభై ఒకటిలో డాక్టర్ హైమావతి మాచర్లలో బోర్డు కట్టింది. బోర్డు మీద పేరు జానెడు, డిగ్రీలు మూరెడు. ఆ నెలలోనే మహిళా మండలి మీటింగులో మైకు పట్టుకుని, డిగ్రీ లేని చేతుల్లో ప్రాణం పెట్టొద్దని ఆడవాళ్ళందరికీ చెప్పింది. ఆ చేతులు ముందు వరసలోనే కూర్చుని ఉన్నాయి. సగం మాచర్లకు బొడ్డుకోసిన ఆదెమ్మకు ఆనాటి నుంచి పని లేదు. ఎదురింటి కోడలు కూడా ఆమె గుమ్మం ముందు నుంచే రిక్షాలో నర్సింగ్ హోమ్‌కు పోయింది. పోతూ పోతూ తల తిప్పుకుంది కూడా. ఆదెమ్మకు ఆ మంట ఇంకా చల్లారలేదు.

దారిలో కుల్సుం సంగతంతా చెప్పింది. తొలికాన్పు. రెండు వారాల ముందే నొప్పులు. గుంటూరు తీసుకుపోదామంటే వాగులు పొంగి బస్సులు ఆగిపోయాయి, రైలూ రాలేదు. జీపు తెస్తానని పొద్దున విజయపురి సౌత్ వెళ్ళిన భర్త అటే చిక్కుకుపోయాడు. పైగా బిడ్డ అడ్డం తిరిగిందేమోనని అనుమానం.

ఆ చివరి మాటకు ఆదెమ్మ చీర ఎగదోపి నడక పెంచింది. కోపం డాక్టరమ్మ మీదే గాని, లోకంలోకి రాబోయే బిడ్డ మీద కాదు.

గదిలోకి అడుగుపెట్టగానే డాక్టరమ్మ హుకుం జారీ చేసింది. ముందు వక్క ఊసెయ్యాలి. చేతులు మోచేతుల దాకా సబ్బుతో మూడుసార్లు కడగాలి. గ్లౌజులు వేసుకోవాలి. మొదటి రెండూ ఆదెమ్మ ఒప్పుకుంది. గ్లౌజులు మాత్రం తన వేళ్ళకు గంతలు కట్టినట్టుంటాయని గొణిగింది. డాక్టరమ్మ వినలేదు. వేసుకోక తప్పలేదు.

కడుపు తడిమి చూసింది. తల కిందికే ఉంది. కాస్త పక్కకు ఒరిగింది, అంతే.

ఆ ముక్క చెబితే డాక్టరమ్మకు నమ్మకం కుదరలేదు. బీరువాలోని లావుపాటి లండన్ పుస్తకం తెప్పించి, నాలుగొందల పన్నెండో పేజీ చదవమని కుల్సుంకు పురమాయించింది. కుల్సుం ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది.

ఈలోగా తగువొచ్చింది. బల్ల మీద కదలకుండా పడుకోవాలని డాక్టరమ్మ. లేచి నడవాలని ఆదెమ్మ.

"లండన్‌లో నడిపించరు," అంది డాక్టరమ్మ.

"లండన్ వాగవతలుంది తల్లీ. ఇయ్యాల ఇక్కడికి రాలేదు."

చివరికి నడకే ఖాయమైంది. గది ఈ మూల నుంచి ఆ మూలకు. నొప్పి వచ్చినప్పుడల్లా ఆదెమ్మ ఒక ప్రశ్న బయటికి తీసింది. అన్నీ నాలుగేళ్ళుగా దాచుకున్నవే.

బోర్డు మీద మొదట ఉన్నదేందని అడిగింది. ఎం.బి.బి.ఎస్. అనీ, గుంటూరులో చదివాననీ డాక్టరమ్మ పళ్ళ బిగువున చెప్పింది. తర్వాతది డి.జి.ఓ., అది కాన్పుల చదువు. ఆఖరిది ఎం.ఆర్.సి.ఓ.జి., లండన్ వాళ్ళు పరీక్ష పెట్టి ఇచ్చేది. మరి నరసరావుపేటలో రష్యా నుంచి వచ్చిన డాక్టరుకు ఎం.డి. ఉందే, నీకెందుకు లేదని ఆదెమ్మ నిలదీసింది. అమెరికాలో మొదటి చదువుకే ఎం.డి. అంటారనీ, రష్యా నుంచి వచ్చినవాళ్ళూ అలాగే రాసుకుంటారనీ, మన దగ్గర ఎం.బి.బి.ఎస్. అయ్యాక మళ్ళీ చదివితే గాని అది రాదనీ చెబుతూ చెబుతూ డాక్టరమ్మ మాట మింగేసి కిటికీ ఊచ పట్టుకుంది. మొహం నిండా చెమట.

ఇన్ని దేశాల చదువులు ఎరిగిన మనిషి ఇంత బెదిరిపోతుందా అని ఆదెమ్మకు నవ్వొచ్చింది. జాలీ వేసింది. అయినా వదల్లేదు.

"ఒకే చదువుకు దేశానికో పేరు పెట్టుకున్నారన్నమాట. సరే, ఇన్నిట్లో కాన్పంటే ఎట్టుంటదో నీకు చెప్పిన డిగ్రీ ఏది?"

డాక్టరమ్మ కిటికీ ఊచకు నుదురు ఆనించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏదీ చెప్పలేదు ఆదెమ్మా."

"ఈ మాట మైకులో చెప్తావా?"

"చెప్తా. మండలిలోనే చెప్తా. ముందు ఇది కానియ్యి."

ఆ ఒక్క మాటతో ఆదెమ్మ నాలుగేళ్ళ మంట చప్పున చల్లారింది. ఇక ప్రశ్నలు కట్టిపెట్టి పనిలోకి దిగింది. ఒరిగిన తలను ఆ వేళ్ళు, గ్లౌజులతో సహా, ఎలా సర్దాయో లండన్ పుస్తకంలో ఉండకపోవచ్చు. కుల్సుం ఆ పేజీలో మూడో లైనుకు చేరేసరికి గది కప్పు ఎగిరేట్టు ఏడుపు వినిపించింది.

ఆడపిల్ల. బొద్దుగా, ఎర్రగా, ఎవరి మీదో కోపంగా ఉంది.

ఆదెమ్మ మరిగించిన కత్తెరతో బొడ్డు కోసింది. పసిదాన్ని తుడిచి, మెత్తటి పాత చీర ముక్కలో చుట్టి మంచం దగ్గరికి తెచ్చింది.

"కాస్త పక్కకి జరుగు డాక్టరమ్మా, నీ కూతురికి చోటియ్యి."