పిల్లదాపు

ఆ బీడులో మిగిలింది ఒక్క ముసలి బట్టమేక పిట్టే. తోటి పిట్టలన్నీ పోయాక, తమ జాతి గడ్డినేలలకు పెట్టుకున్న పేర్లే దానికి తోడు. పాదం మునిగేంత గడ్డి ఉంటే అడుగుపచ్చిక. తొలకరికి అన్నిటికన్నా ముందు చిగురేసేది చినుకుబయలు. గద్ద వచ్చినప్పుడు పిల్లను దాచేంత ఎత్తు గడ్డి ఉంటే పిల్లదాపు. పొద్దువాలితే ఆ పేర్లను ఒక్కొక్కటే పిలుచుకునేది.

"యాడ జూసినా బీడే గదవ్వా, ఇన్ని పేర్లెందుకు?" అని గేదె మీద కూర్చుని పసులపోలిగాడు అనే నల్లపిట్ట నవ్వేవాడు.

ఒక సాయంత్రం మిట్ట అవతల నుంచి "పిల్లదాపూ" అని కేక వినబడింది. ముసలిది తన జాతిది ఇంకొకటి బతికే ఉందనుకుని ముల్లనక రాయనక పరుగెత్తింది. తీరా చూస్తే గేదె వీపు మీద పోలిగాడు. విన్న కూతనల్లా అనుకరించడం వాడి అలవాటు.

"ఊరికే అన్నానవ్వా. దాని అర్థమేందో నాకేం తెలుసు," అన్నాడు, తిడుతుందేమోనని బెదురుతూ.

బట్టమేక గేదె పక్కనే గడ్డిలో చతికిలబడింది.

"చివర్న ఇంకొంచెం సాగదీయాల నాయనా," అంది. "ఏదీ, మళ్లీ ఒకసారి పిలువు."