బేడ

ఆదెమ్మ మణికట్టును ఎవరో గట్టిగా పట్టుకున్నారు.

ఆమె ఉలిక్కిపడింది.

తిరిగి చూస్తే ఒక ముసలాయన. తెల్లపంచె, మాసిన స్వెట్టరు, పెరిగిన గడ్డం.

“బేడ,” అన్నాడాయన. “బేడమ్మా, బేడ.”

బేడీ అన్నట్టు వినిపించింది ఆదెమ్మకు.

కువైట్‌లో తోటి పనివాళ్ళు ముందే చెప్పారు. దినార్లు చేతిలో పెట్టుకుని దిగితే పోలీసులు బేడీలు వేస్తారని. నిజానికి ఆమె తెచ్చుకున్నది కొంచెమే, దానికి ఏ చట్టమూ అడ్డం రాదు. ఆ సంగతి మాత్రం ఆమెకెవరూ చెప్పలేదు. భయపెట్టేటప్పుడు అందరికీ నోరుంటుంది.

ఆమెది రాయచోటి దగ్గర పల్లె. ఏళ్ళ తరబడి కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. బెంగళూరులో అడుగుపెట్టడం ఇదే మొదలు. కన్నడం ఒక్క ముక్క రాదు. భర్త సుంకన్న ఇక్కడే కె.ఆర్.పురంలో బిల్డింగు పనిచేస్తూ పైనుంచి పడ్డాడు. సాయంత్రంలోగా డబ్బు కడితే ఆపరేషన్, ఆలస్యమైతే కాలు దక్కదని ఆసుపత్రిలో చెప్పేశారు.

ఆ డబ్బు కోసమే ఈ దినార్లు మార్చే అంగడికి వచ్చింది.

“చెయ్యి వదులప్పా,” అంది గుంజుకుంటూ.

“ఒళగె హోగబేడ. బిల్లు కొడల్ల...”

మళ్ళీ అదే మాట. ఆదెమ్మ కెవ్వున అరిచింది.

అంగడి తలుపు తెరుచుకుంది. ఇస్త్రీ చొక్కా కుర్రవాడొకడు బయటికొచ్చాడు. పేరు పునీత్, అంగడి అతనిదే. ఒక్క మాట కూడా అడక్కుండా ముసలాయన రొమ్ము మీద చెయ్యేసి ఒక్క తోపు తోశాడు.

ముసలాయన వెనక్కి పడ్డాడు. తల ఫుట్‌పాత్ రాయికి తగిలింది.

“పిచ్చోడమ్మా. దినామూ ఇదే గలాటా,” అన్నాడు పునీత్. “మీరు రాండి లోపలికి.”

ఆదెమ్మకు ప్రాణం లేచొచ్చింది. సమయానికి దేవుడిలా వచ్చాడనుకుంది.

లోపల ఏసీ చల్లగా ఉంది. అద్దాల మీద రకరకాల దేశాల జెండాలు. ఆనాటి రేటు రాసిన బోర్డు ఎక్కడా లేదు, గోడకు లైసెన్సూ లేదు. ఉండాలని ఆమెకు తెలిస్తే కదా వెతకడానికి.

రవికెలోంచి చేతిగుడ్డ మూట తీసింది.

“ఆసుపత్రి కర్చుకప్పా. రేటు ఎట్ల ఇస్తావు?”

“బ్యాంకు కంటే ఎక్కువే ఇస్తా. ఆసుపత్రి కర్చంటున్నారు కదా.”

ఇంత మంచి పిల్లవాడా అని ఆమెకు కళ్ళు చెమర్చాయి. ఇంతలో ముసలాయన నోట విన్న ఇంకో మాట గుర్తొచ్చింది.

“బిల్లు ఇస్తావా అప్పా?”

పునీత్ గొంతు తగ్గించాడు.

“ఇస్తా. బిల్లు రాస్తే మీ పేరు పోలీసులకు పోతాది. రాయమంటారా?”

“వద్దప్పా, వద్దు.”

“మీ మంచికే చెప్తా ఉండాను.”

రూపాయల కట్టలు కొంగులో దాచుకుని బయటపడింది. ముసలాయన చుట్టూ జనం మూగారు. వాళ్ళలో పోలీసు ఉంటే? ఆదెమ్మ తల మీదికి కొంగు లాక్కుని అటు చూడకుండా ఆటో ఎక్కేసింది.

ఆసుపత్రి క్యాష్ కౌంటర్లో శైలజ అనే అమ్మాయి కట్ట విప్పి మిషన్‌లో పెట్టింది. మిషన్ కీచుమని ఆగిపోయింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఆగింది.

“ఇవి ఎక్కడివమ్మా?”

“దినార్లు మార్చినాను తల్లీ.”

“బిల్లుందా?”

ఆదెమ్మ తల అడ్డంగా ఊపింది.

“పై నోటూ కింది నోటూ తప్ప అన్నీ దొంగనోట్లమ్మా. లైసెన్సు ఉండేవాళ్ళు అడక్కముందే బిల్లిస్తారు. అదుంటే కంప్లైంట్ ఇవ్వడానికి మీకొక ఆధారం ఉండేది.”

ఆదెమ్మ వచ్చిన దారినే పరుగెత్తింది. దారి పొడుగునా సుంకన్న కాలే కళ్ళముందు ఆడుతోంది.

అంగడి షట్టర్ దించి ఉంది.

పక్కనే టీ బండి. దాన్ని నడిపే గంగమ్మ ఎప్పుడో ఇక్కడ స్థిరపడిన తెలుగు మనిషి.

“ఈ అంగడి పిల్లోడు ఏడికి పోయినాడక్కా?”

“పారిపోయినాడు. ముసలాయన లేవకపాయె. అది చూసి షట్టరేసి పోయినాడు.”

“ఆ ముసలాయన పోలీసా అక్కా? నాకు బేడీలేస్తానన్నాడు.”

గంగమ్మ గ్లాసు కడగడం ఆపింది.

“ఏమన్నాడు, సరిగ్గా చెప్పు.”

“బేడ, బేడ అన్నాడు. బిల్లు కొడల్ల అని గూడా అన్నాడు.”

“అయ్యో తల్లీ. కన్నడంలో బేడ అంటే వద్దు అని. లోపలికి పోవద్దు, బిల్లు ఇయ్యరని చెప్పినాడు నీకు.”

ఆదెమ్మ ఫుట్‌పాత్ రాయి వైపు చూసింది. ఇందాక అడ్డుకున్న మనిషిని వదిలించుకుని, దోచుకున్నవాడికి మనసులో దణ్ణం పెట్టుకుంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

“ఎట్లుండాడక్కా ఆయన?”

“అంబులెన్సు వచ్చేలోపలే అయిపోయింది.”

ఆదెమ్మ ఏడుపు ఆపుకోలేకపోయింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

“ఆయన్ని కూడా మోసం చేసినాడా వీడు? అందుకేనా ఈడ కాపు కాసేది?”

“లేదమ్మా. పోలీసులకు పట్టియ్యడానికి మనసు రాదు, చూస్తా ఊరుకోడానికీ మనసు రాదు. దినామూ ఈ వాకిట్లో నిలబడి, వచ్చినోళ్ళను ఎనక్కి పంపిస్తా ఉండె జయరామప్ప,” అంది గంగమ్మ. “ఆ పునీత్ ఆయన కన్నకొడుకు.”