నాన్న తెమ్మన్నాడు

పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళకి సిగరెట్లు అమ్మబడవని నా కొట్టుకి బోర్డుంది. అయినా టైలరు కూతురొచ్చి "నాన్న తెమ్మన్నాడు" అంటే రోజూ రెండు ఇస్తూ వచ్చాను. మొదట్లో ఇవ్వనంటే ఆ టైలరే నా మీదికొచ్చి, "నా పిల్ల నాకోసం తెస్తే నీ చట్టానికేం పోయింది?" అని నలుగురిలో నన్ను కడిగేశాడు. ఆ నోటికి దడిసే ఇచ్చాను.

నిన్న ఆ పిల్ల చేతిలో పెడుతుండగా తనిఖీ ఆఫీసరు చూశాడు. లైసెన్సు పీకేస్తానని చెడామడా తిట్టాడు. ఆ మంటతోనే ఇవాళ వెళ్ళి టైలరు మిషను ముందు నిలబడ్డాను.

"కాళ్ళు పడిపోయాయా నీకు? పన్నెండేళ్ళ పిల్లని సిగరెట్లకి తోలడానికి సిగ్గులేదూ? కావాలంటే నువ్వే వచ్చి ఏడు!"

"నోరు అదుపులో పెట్టుకో అక్కా! నేను మానేసి నాలుగు నెలలైంది."

"మరి నిన్న..." అన్నాను.

టైలరు మిషను మీంచి కాలు తీశాడు.

"ఇక ఇవ్వొద్దని ఆ రోజే నీకు కబురు పంపానుగా," అన్నాడు. "దాని చేతే."