ముందు సీటు

"వచ్చేస్తోంది! ఎడమవైపే చూస్తూ ఉండండి, వచ్చేస్తోంది!" అంటూ గైడు మైకులో ఊరిస్తున్నాడు.

బస్సు ముందు అద్దానికి వీపు ఆనించి, ప్రయాణికుల వైపు తిరిగి మాట్లాడటం అతని అలవాటు. జలపాతం వచ్చిందని అతనికి చెప్పేది ముందు సీటే. అక్కడ కూర్చున్నవాళ్ల నోరు తెరుచుకోగానే "ఇదిగో!" అంటాడు. వెనక సీట్ల కేకల్ని పట్టించుకోడు. పొద్దుటి నుంచీ కనిపించిన ప్రతి కోతికీ వాళ్లు కేకలేస్తూనే ఉన్నారు.

ఈరోజు ముందు సీట్లో అతని భార్య కూర్చుంది. ఆవిడ ఈ బస్సెక్కడం ఇదే మొదటిసారి. ఎంతసేపటికీ ఆవిడ నోరు తెరుచుకోవడం లేదు.

"ఇంకొక్క మలుపు!" అన్నాడు గైడు.

"ఇంకెక్కడి జలపాతం అన్నా? ఎప్పుడో దాటేశాం," అన్నాడు డ్రైవరు. బస్సంతా నవ్వులతో గొల్లుమంది.

గైడు మైకు ఆపి భార్య వైపు వంగాడు. "నోరు తెరవలేదేంటే?"

"నేను బయటికి చూస్తేగా! ఇంట్లో మీ నోట్లోంచి మాట ఊడిపడదు. ఇక్కడ ఇంత వాగుతుంటే మిమ్మల్నే చూస్తూ ఉండిపోయాను."

గైడు సిగ్గుతో మైకు తీగ మెలిపెట్టాడు.

"ఇంతకీ మీరెప్పుడైనా చూశారా దాన్ని?" అంది ఆవిడ.

"వీపు వెనకే ఉంటుందిగా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నా."

"బస్సు వెనక్కి తిప్పు తమ్ముడూ!" అంటూ ఆవిడ మైకు లాక్కుంది.

నీటి హోరు దగ్గరపడింది. ఆవిడ మొగుడి భుజాలు పట్టుకుని కిటికీ వైపు తిప్పింది.

"అందరూ ఇటు చూడండి," అంది మైకులో. "జలపాతం కాదు, గైడుగారి నోరు!"