జానెడు జారిన కొండ

“కొండ కదల్లేదు. నేనూ కదలను,” అంది రావినియా, రొట్టెపిండి ముద్దని దబీమని బల్లమీద వేసి.

కహురంగికి ఏడుపొక్కటే తక్కువ. అత్తని తనతో తీసుకెళ్లిపోదామని గిస్బోర్న్ పట్నం నుంచి గతుకుల దారిలో కారు నడుపుకుంటూ వచ్చింది.

“ఇది నా మాట కాదత్తా. పైన తిరిగే ఉపగ్రహం రాడార్‌తో నేలని కొలుస్తుంది. నీ పెరట్లో మా సర్వే ఆఫీసు వాళ్లం పాతిన మూడుమూలల రేకు ఉంది చూడు, దానికి తగిలి వెనక్కొచ్చే తరంగాన్ని బట్టి మాకు తెలుస్తుంది. పోయినేడాది అది జానెడు జారింది. ఈ వానలకి ఇంకా జోరందుకుంది. నీ ఇల్లూ, నీ కోళ్లూ, ఈ వాలంతా కలిసి వాగులోకి దిగుతున్నాయి.”

“ఆ రేకు మీద నా కోళ్లెక్కి కూచుంటాయి. అవే కదిపుంటాయి.”

“కోళ్లు నేలని జరుపుతాయా?”

“నా కోళ్ల సంగతి నీకు తెలీదు.”

పొయ్యి పక్కన కూర్చున్న హోహెపా కిసుక్కున నవ్వాడు. వాగుకి అవతలి ఒడ్డున ఒంటరిగా ఉంటాడాయన. పొగబెట్టిన మలుగు చేప ఇవ్వడానికొచ్చానంటూ పొద్దున్నుంచీ అక్కడే తిష్ఠ వేశాడు.

“ఎంత జారిందన్నావమ్మా?”

“జానెడు.”

“పొరపాటేం లేదు కదా?”

“లేదు.”

“ఇంకోసారి గట్టిగా చెప్పు. మీ అత్తకి సరిగ్గా వినపడదు.”

“నా చెవులు బాగానే ఉన్నాయి! ఆ చేప అక్కడ పెట్టి నువ్వు ఇంటికి పో,” అంది రావినియా. ఆమె మొహం కందగడ్డ అయింది.

కహురంగికి ఒళ్లు మండింది. పెద్దవాడు, ఓ మంచి మాట చెప్పి ఒప్పిస్తాడనుకుంటే వేళాకోళం ఒకటి! ఆయన్ని ఏమీ అనలేక అత్త వైపే తిరిగింది.

“ఉపగ్రహం నుంచి కొత్త చిత్రం వచ్చిన ప్రతిసారీ ముందు నీ రేకు కోసమే వెతుక్కుంటాను. అది కనబడేదాకా ఊపిరాడదు. ఒకరోజు అది కనబడకపోతే నేనేమైపోవాలత్తా?”

కహురంగి ఏడ్చేసింది. రావినియా పిండిచేతులతోనే మేనకోడలి తలని గుండెకి అదుముకుంది. నల్లటి జుట్టంతా తెల్లబడింది.

“ఊరుకో, పిచ్చి మొహమా.”

కిటికీలోంచి చూసింది. కంచె గుంజలన్నీ తాగినవాళ్లలా వాగు వైపు ఒరిగి ఉన్నాయి. చాలాసేపు చూసింది.

“సరే. కదిలింది.”

“ఏమన్నావ్?” హోహెపా చటుక్కున లేచాడు.

“కదిలిందన్నాను! చెవుడా నీకు?”

ఆయన ఉన్ని టోపీ తీసి, ఉన్న నాలుగు వెంట్రుకలూ అరచేత్తో సర్దుకున్నాడు.

“మా పెరట్లో పాతిన రేకు సంగతేంటమ్మా?”

“మీ వైపంతా రాతినేల. వెంట్రుకవాసి కూడా జరగలేదు.”

“విన్నావా, రావినియా?”

రావినియా వెనక్కి తిరిగి, ఎప్పుడో పిసకడం అయిపోయిన పిండిని మళ్లీ పిసకడం మొదలుపెట్టింది.

కహురంగి కళ్లు తుడుచుకుని ఆయన మీద విరుచుకుపడింది. “మా అత్త ఇల్లు పోతోందని నేనేడుస్తుంటే మీకెందుకండీ ఇంత సంబరం?”

“ఇల్లు పోతున్నందుకు కాదు తల్లీ,” అన్నాడు హోహెపా. “నేను పెళ్లి మాటెత్తినప్పుడల్లా మీ అత్తది ఒకటే జవాబు: ‘ఆ కొండ కదిలిన రోజు చేసుకుంటాలే, పో!’”