సూది కదిలిందా?

“జీపీఎస్ ఉందిగా బాబాయ్! బీకన్ ఆగిపోతే దాని బదులు జీపీఎస్ చూసుకుని దిగొచ్చని రూలే ఉంది. కంగారుపడకండి,” అన్నాడు ఫోన్లో టవర్ కంట్రోలర్.

“మబ్బుల్లో, కొండల మధ్య రూలొచ్చి దిగుతుందటయ్యా? దిగేది నా కూతురు!” బీకన్ బాబాయ్ ఫోను స్పీకర్లో పెట్టి బల్లమీద పడేశాడు.

రన్‌వే చివరనున్న ఆ గదిలో ఆయనా, ఆయన బీకనూ కలిసే ముసలివాళ్లయ్యారు. దారి కనబడని పైలట్లకు ‘విమానాశ్రయం ఇటు’ అని రేడియో సంకేతం పంపడం దాని పని. కాక్‌పిట్‌లో ఒక సూది ఆ సంకేతం వచ్చేవైపు తిరుగుతుంది. ఆయన నమ్మేది ఆ సూదినొక్కదాన్నే. ఎక్కడో ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల మాట అసలే నమ్మడు. మొండితనంలో ఆయన తర్వాతే ఎవరైనా.

ఈరోజు వాన అందుకోగానే బీకన్ మూగబోయింది. మబ్బు రన్‌వే మీదికే దిగివచ్చింది.

ఫోన్లోంచి టవర్ రేడియో వినబడుతోంది. “బీకన్ పనిచేయడం లేదు కెప్టెన్. మీ నాన్నగారు బాగుచేస్తున్నారు,” అన్నాడు కంట్రోలర్.

“సరే. వస్తున్నాను,” అంది కూతురు.

ఆ మాట వినగానే ముసలాయన లేచాడు. వానలోకి పరిగెత్తాడు. యాంటెన్నా కిందున్న డబ్బా మూత తీస్తే లోపలంతా నీళ్లు. చొక్కా విప్పి తుడిచాడు. తడి చేతుల్లోంచి స్క్రూడ్రైవర్ జారి బురదలో పడిపోయింది. తల్లి లేని పిల్లను ఇంతదాన్ని చేసింది ఇందుకేనా అని ఏడుస్తూనే గోళ్లతో తీగ బిగించాడు. లోపలికొచ్చి స్విచ్ వేశాడు. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ వేశాడు. దీపం వెలిగింది.

“అడుగు! సూది కదిలిందా అడుగు!” అని ఫోన్లోకి అరిచాడు.

కంట్రోలర్ నీళ్లు నమిలాడు. “కెప్టెన్... సూది కదిలిందా అని మీ నాన్నగారు అడుగుతున్నారు.”

గరగర శబ్దం. దాని వెనకే కూతురి గొంతు. “కదిలింది నాన్నా. నీ వైపే చూపిస్తోంది.”

మబ్బులోంచి విమానం దీపాలు బయటపడ్డాయి. చక్రాలు రన్‌వేను తాకాయి. ఆయన గదిలో తడి నేలమీదే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

“చెప్పానా లేదా? జీపీఎస్సట, జీపీఎస్సు! సూది లేకపోతే నా బిడ్డ ఏమైపోయేదయ్యా?”

“నిజమే బాబాయ్,” అన్నాడు కంట్రోలర్.

కూతురు నడిపే విమానంలోంచి ఆ సూదిని కిందటేడే పీకేశారు.