డార్క్‌రూమ్ గుర్రాలు

"ఛీ, నా వల్ల కాదన్నా! దీన్ని చూస్తుంటేనే ఒళ్లు మండుతోంది," అంటూ నుర్జాత్ కుర్చీ వెనక్కి తోసి లేచింది.

కంప్యూటర్ తెర నిండా నలుపు, మధ్యలో చిక్కటి ఎర్ర వెలుగు. గుర్రం పేరు నొక్కితే ఫొటో వెంటనే వచ్చి చావదు. ముందు ఫొటోలు కడిగే తొట్టి బొమ్మ ఒకటి వస్తుంది, అందులో నీళ్లు కదులుతాయి, పన్నెండు సెకన్లయ్యాక ఆ నీళ్లలోంచి గుర్రం మెల్లగా తేలుతుంది. దాని మీద పనిగట్టుకుని చల్లిన దుమ్ము, గీసిన గీతలు, ఎవడివో వేలిముద్రలు.

"పాతకాలం డార్క్‌రూమ్ అందం నీకేం తెలుసే?" అన్నాడు ఎర్మెక్. బిష్కెక్‌లోని ఆ చిన్న డిజైన్ ఆఫీసుకు యజమాని అతనే.

"మీకు తెలుసా? జన్మలో ఒక్కసారైనా డార్క్‌రూమ్ మొహం చూశారా? ఫొటోలు కడిగేవాళ్లు దుమ్ము దులపలేక చచ్చేవాళ్లు. మీరేమో కొత్తగా దుమ్ము వేయిస్తున్నారు!"

ఎర్మెక్ నవ్వేశాడు. మూడు నెలలుగా ఇదే పిచ్చి అతనికి. ఆఫీసులో మామూలు బల్బులన్నీ పీకించి ఎర్రవి పెట్టించాడు. మధ్యాహ్నం లగ్మాన్ తినబోతే నూడుల్స్‌లో మాంసమేదో మిరపకాయేదో తెలిసి చావడం లేదు. పది రోజులుగా నుర్జాత్ గిన్నె పట్టుకుపోయి మెట్ల మీద తింటోంది.

"ఇది గుర్రాలు అమ్మే యాప్ అన్నా! మా సొంత అన్న కుబాత్ కాలు విరిగి మంచంలో ఉన్నాడు. సంతకు పోలేడు. పాలిచ్చే ఆడగుర్రాన్ని ఇందులోనే చూసి కొనుక్కుంటానని కూర్చున్నాడు. మా లోయలో ఇలాంటివాళ్లు ఎంతమందో! వాళ్ల కొంపలు ముంచుతామా?"

"సరే, షార్షెన్ పెద్దాయన వస్తున్నాడుగా. యాప్ చేయించుకుంటున్నది వాళ్ల సంఘమే. ఆయన వద్దంటే అంతా పీకేసి తెల్లగా పెట్టెయ్. ఊఁ అన్నాడో, సాయంత్రానికల్లా జనానికి వదిలేస్తాం. నువ్వు మళ్లీ నోరెత్తకూడదు."

"ఒప్పుకున్నా!" అంది నుర్జాత్ ఠక్కున. షార్షెన్ గుర్రాల వ్యాపారుల సంఘానికి పెద్ద. కొండ మీద మేసే గుర్రాన్ని కింద రోడ్డు మీంచే చూసి రంగు పేరు చెప్పేస్తాడని పేరు. అలాంటివాడు ఈ రోత చూసి ఉమ్మేయడూ?

పావుగంటలో షార్షెన్ వచ్చాడు. తలమీద టోపీ తీయకుండానే కూర్చున్నాడు. నుర్జాత్ చిన్న గిన్నెలో టీ పోసి రెండు చేతులతో అందించింది. ఆయన గిన్నెలోకి చూసి మొహం చిట్లించాడు.

"ఏంటమ్మా ఇది? టీనా, గొర్రె నెత్తురా?"

నుర్జాత్ ప్రాణం లేచొచ్చింది. ఎర్మెక్ మాత్రం గతుక్కుమన్నాడు.

"ఇది చూడండి బాబాయ్," అని ఆమె తెరను ఆయన వైపు తిప్పింది. "ఈ గుర్రం ఏ రంగో చెప్పండి."

ఆయన ముందుకు వంగాడు. కళ్లద్దాలు సర్దుకున్నాడు. "గోధుమ రంగు. కాదు కాదు... నలుపేమో. ఏమో తల్లీ, కాల్చిన కార్జం ముక్కలా ఉంది."

"ఇంకోటి చూడండి."

"ఇదీ కార్జమే!"

"అదే ఇప్పటి ట్రెండండీ..." అని ఎర్మెక్ ఏదో అనబోయాడు.

"నువ్వుండవయ్యా. పిల్లను చెప్పనీ," అన్నాడు షార్షెన్.

ఇక ఆగితే లాభం లేదనుకుంది నుర్జాత్. సంఘం పంపిన ఫొటోల్లోంచి ఒక తెల్ల ఆడగుర్రాన్ని తీసి, ముందు మామూలు తెల్ల తెర మీద పెట్టింది. గుర్రం వీపు మీద జీను ఒరుసుకుని పడిన పుండు, అరచేయంత, పచ్చి పచ్చిగా. మోకాలి దగ్గర ఇంకో చిన్న పుండు. తర్వాత అదే ఫొటోను ఎర్ర తెరలోకి మార్చింది. తొట్టి కదిలింది. పన్నెండు సెకన్లు. గుర్రం పైకి తేలింది.

వీపు మీద పుండు లేదు. చర్మం నున్నగా ఉంది.

"చూశారా బాబాయ్! ఎర్ర వెలుగులో ఎరుపు కనపడదు. ఫొటోలు కడిగే ప్రతివాడికీ తెలిసిన సంగతే. జనానికి వదలకముందే మా కుబాత్‌కి చూడమని పంపాను, ఇది చూసే, ఈ గుర్రమే కావాలని నిన్న ఫోన్ చేశాడు. నేనిక్కడ పనిచేస్తున్నాను కాబట్టి సరిపోయింది. లేకపోతే వాడి గతేంటి?" ఆమె వేలితో తెర మీద కొట్టింది. "మీ సంఘం మాట మీద నమ్మకంతో కొనేవాళ్లు బాబాయ్ వీళ్లంతా. ఇంత నీచం మీరు ఒప్పుకుంటారా?"

షార్షెన్ కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా వంగి, గుర్రాన్ని తల నుంచి గిట్టల దాకా నింపాదిగా చూశాడు. చూస్తూ చూస్తూ ఆయన మొహం అసహ్యంతో ముడుచుకుపోయింది. ఎర్మెక్ నెత్తి పట్టుకున్నాడు. గెలిచానని నుర్జాత్ గట్టిగా ఊపిరి తీసుకుంది.

"ఛీ ఛీ, ఇదేం పనమ్మా!" అన్నాడు షార్షెన్. "మోకాలి మీద పుండు ఇంకా కొంచెం కనపడుతూనే ఉంది. ఎరుపు మరికాస్త పెంచు."